సోమవారం పాస్టరు దొరకదు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది, ఈస్టర్ పండుగ అయిన వారానికి నన్ను నాంపల్లిలోని ఒక సంఘానికి ప్రెస్బిటర్‌గా బదిలీ చేశారు. ప్రెస్బిటర్ అంటే అభిషేకం పొందిన పాస్టరు. బాప్తిస్మం, ప్రభు భోజన సంస్కారం, లైసెన్సు ఉంటే పెళ్లిళ్లు జరిపించే అధికారం ఉంటుంది. అదే ఉత్తర్వులో బిషప్ గారు నన్ను డీనరీ చైర్మన్‌గానూ నియమించారు. నగరంలోని కొన్ని సంఘాలు, శివారు పల్లెల సంఘాలు కలిపితే ఒక డీనరీ. వాటి తనిఖీలు, తగాదాలు, పాస్టర్ల సెలవులు అన్నీ చైర్మన్ మీదే పడతాయి. మా డీనరీలో ఆ కుర్చీలో స్త్రీ కూర్చోవడం అదే మొదలు. పాస్టరమ్మ అంటే పాస్టరు గారి భార్య అని వాడుక కాబట్టి, కొత్తవాళ్లు వచ్చి, "అయ్యగారు లేరా అమ్మా?" అని నన్నే అడిగేవారు.

అప్పటికే నా చేతిలో ఒక పుస్తకం సగంలో ఉంది. పల్లె సంఘాలకు పాస్టరు నెలకొక్క ఆదివారమే వెళ్లగలడు. మిగతా ఆదివారాల్లో ఆ ఊరి పెద్దే, వారమంతా కూలికి పోయిన మనిషే, ఆరాధన నడపాలి. వాళ్లకిచ్చిన పాత ప్రసంగాల పుస్తకంలో వాక్యం మొదలైతే ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ప్రతి ఆదివారానికి ఒక చిన్న పాఠం, మాట్లాడే తెలుగులో రాసివ్వమని మా ప్రచురణ శాఖ అడిగింది. అంతకన్నా అవసరమైన పని నాకు మరొకటి కనబడలేదు.

ఆ వానాకాలంలో ఒక శనివారం వెస్ట్రీలో ఉన్నాను. మందిరాన్ని ఆనుకుని, పాస్టరు జనాన్ని కలిసే గది అది. బయట బెంచీ మీద వరసలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తున్నారు. చివరగా వచ్చింది మా అమ్మాయి స్నేహ. అప్పుడే ఇంటర్‌లో చేరింది.

"ఇంట్లకు రాకుండ గీడ కూసున్నవేంది?" అన్నాను.

"ఇంట్ల నువ్వు దొర్కుతలేవమ్మా. నాన్ననడిగితే అమ్మనడుగు అన్నడు. నాకు లెక్కలు సమజైతలేవు. గ్రూపు మార్చుకుంట. ఔనో కాదో చెప్పు, పోత."

బెంచీ మీద ఆమె ముందు అయిదారుగురు కూర్చున్నారు. వాళ్లందరి వంతూ అయ్యేదాకా ఆమె ఆగింది. నేను తలుపు మూసి, ఆమె చెప్పేదంతా విన్నాను.

ఆ సాయంత్రం నా భర్త ప్రకాశ్‌తో పుస్తకం వదిలేస్తానన్నాను. ఆయన రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో గుమాస్తా, షిఫ్టు దిగి అప్పుడే వచ్చారు.

"పుస్తకం ఇడ్సిపెడ్తే గా టైం మాకొస్తదనుకుంటున్నవా? గాడ ఇంకో మీటింగు వచ్చి కూసుంటది," అన్నారు. "రాసుడు బంద్ జేస్తే నువ్వు సగం మనిషివైతవు. మిగిలిన సగంతోని మేమేం జేస్కోవాలె?"

ఆ మాట మీద చాలాసేపు ఆలోచించాను. వదలాల్సింది పుస్తకాన్ని కాదని తేల్చుకున్నాను.

తర్వాతి పాస్టరేట్ కమిటీ సమావేశంలో, అంటే సంఘాన్ని నడిపే ఎన్నికైన పెద్దల ముందు, నా ప్రతిపాదన పెట్టాను. సోమవారం పాస్టరు దొరకదు. పొద్దున పుస్తకం, మధ్యాహ్నం నుంచి ఇల్లు. చావు, దవాఖాన ఈ రెండింటికే మినహాయింపు. పుట్టినరోజు ప్రార్థనలు, ఇంటి ప్రార్థనలు, దుకాణాల ప్రారంభాలు ఇకమీదట పెద్దలు పంచుకోవాలి. గౌలిగూడ వైపు ఒకరు, కాచిగూడ వైపు ఒకరు, ఉస్మాన్‌గంజ్ వైపు ఒకరు. ప్రార్థన చేయడానికి అభిషేకం అవసరం లేదని మా నిబంధనల్లోనే ఉంది.

కార్యదర్శి దేవదానం గారు విశ్రాంత హెడ్మాస్టరు. "ఇంతకుముందు ఏ అయ్యగారూ గిట్లా అడగలే అమ్మా," అన్నారు.

"వాళ్ల ఇళ్లల్ల ఎవరన్న అడిగినరో లేదో మనకు తెల్వదు కద సార్," అన్నాను. తీర్మానం స్వల్ప మెజారిటీతో నెగ్గింది.

పరీక్ష తొందరగానే వచ్చింది. మా సంఘంలో పలుకుబడి ఉన్న అబ్రహాం గారు ఆబిడ్స్‌లో మల్గీ అద్దెకు తీసుకుని కొత్త దుకాణం తెరుస్తూ సోమవారమే ముహూర్తం పెట్టుకున్నారు. నేను గౌలిగూడ పెద్ద శాంతయ్య గారిని పంపాను. "మా మల్గీకి పాస్టరు రాదు, డ్రైవరు వస్తడా?" అని అబ్రహాం గారు అందరి ముందే అన్నారట. శాంతయ్య గారు బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఆ మాట పడి కూడా నిలబడి ప్రార్థన ముగించి వచ్చారు.

ఫిర్యాదు బిషప్ గారి దాకా వెళ్లింది. పిలిపించి, ఒక్క గంట వెళ్లి రాలేకపోయారా అని అడిగారు.

"గంట ఉందయ్యగారూ. కానీ ఆ గంట అబ్రహాం గారికిస్తే, వచ్చే సోమవారం పేదవాళ్లు పిలిస్తే రాననడానికి నాకు నోరుండదు. శాంతయ్య గారి ప్రార్థన తక్కువదని నేనే ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది."

ఆయన సోమవారం అలాగే ఉంచుకోమన్నారు. పని మాత్రం ఆగినట్టు తన చెవిన పడకూడదన్నారు.

అబ్రహాం గారి కుటుంబం వేరే సంఘానికి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. చైర్మన్‌గా నాకు రెండో విడత ఇవ్వలేదు. ఏడాదిలో అయిపోవాల్సిన పుస్తకానికి నాలుగేళ్లు పట్టింది, ఎందుకంటే చాలా సోమవారాలు దవాఖాన వరండాల్లోనే గడిచాయి. కానీ అది అచ్చయి పల్లెలకు చేరింది. శివారు ఊళ్లో ఒక ఆదివారం వెనక వరసలో కూర్చుని, ఒక మేస్త్రీ నా పాఠాన్ని తన మాటల్లోకి మార్చి చెబుతుంటే విన్నాను. జనం మేలుకునే ఉన్నారు. స్నేహ గ్రూపు మార్చుకుంది, తర్వాత లా చదివింది. సోమవారం మధ్యాహ్నాలు మేమిద్దరం తగవులాడుకున్న రోజులే ఎక్కువ, కానీ ఇంట్లోనే తగవులాడుకున్నాం.

రాత, సంఘం, సంసారం ఏ ఒక్క రోజునా నాకు సమానంగా సాగలేదు. ఒకటి ముందుకు పోయిన వారం మరొకటి వెనకబడేది. ఎవరికి లేదని చెప్పాలో ముందే తేల్చుకుని పదిమందిలో చెప్పాలనీ, దానివల్ల వచ్చే నష్టం కూడా ఉద్యోగంలో భాగమేననీ ఆ బదిలీలో నేర్చుకున్నాను. కొత్తగా అభిషేకం పొందినవాళ్లు సలహా అడిగితే ఒక్కటే చెబుతాను. కొత్త సంఘంలో మీ సెలవు రోజు ఏదో కమిటీకి మొదటి సమావేశంలోనే చెప్పండి. ఆరు నెలలాగి చెబితే దాన్ని సోమరితనం అంటారు.