జేబులో పచ్చకర్పూరం, పెట్టెలో పిండం

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో భయపడటం ఒక్కటే నాకు పూర్తిగా వచ్చిన పని. బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగి, సంతాన సాఫల్య కేంద్రం (పేరు వద్దులెండి) ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచేసరికే తిరుగు రైలు ఎన్నింటికో లెక్కేసుకునేవాణ్ణి. పళ్ళేల్లో పెరిగే పిండాలను మైక్రోస్కోపులో చూసి, ఎలా ఉన్నాయో రాయడం నా పని. ఒక్కోటి ఇసుక రేణువంత కూడా ఉండదు గానీ దాని కోసం బయట హాల్లో ఒక కుటుంబం మొత్తం కూర్చుని ఉంటుంది. ల్యాబులోకి పౌడరు, సెంటు, మల్లెపూలు, ఏ వాసనా రాకూడదని పెద్ద మేడం మొదటి రోజే హెచ్చరించారు. గాలిలో కలిసే వాసనలు పిండాలకు పడవట. మా నాన్నగారేమో గుడిలో అర్చకులు. మా ఇంట్లోంచి వాసన లేకుండా బయటపడటం ఎంత కష్టమో ఊహించుకోండి. (జుట్టుకు పట్టిన సాంబ్రాణి పోవాలని నేను రోజూ తలంటుకునేవాణ్ణి. అయినా తోటివాళ్ళు నన్ను 'పూజారి' అనే పిలిచేవారు.)

మొదటిసారి నేను ఒక్కణ్ణే పిండాన్ని చూడాల్సిన రోజు వచ్చింది. అది రేపల్లె వైపు నుంచి వచ్చిన దంపతులది. ఆయన పడవ మీద వేటకెళతాడు, ఆవిడ చేపలమ్ముతుంది. పెళ్ళయి పన్నెండేళ్ళు. మిగిలిన పిండాలన్నీ మధ్యలోనే ఆగిపోయి, ఐదో రోజుకు ఒక్కటే నిలిచింది. ముందురోజు అన్నం సహించక కూర్చున్న నన్ను చూసి, నాన్నగారు చిన్న కాగితం పొట్లం చేతిలో పెట్టారు. "స్వామి తీర్థంలో వేసే పచ్చకర్పూరంరా. జేబులో ఉంచుకో, ఏ భయమూ ఉండదు" అన్నారు. నేను మారుమాట లేకుండా పుచ్చుకున్నాను. ఎమ్మెస్సీ చదివినవాణ్ణే గానీ, మేడం మాట ఆ క్షణంలో గుర్తే రాలేదు.

పొద్దున చూస్తే పిండం గుండ్రంగా, నిండుగా, ముద్దొచ్చేలా ఉంది. నడుమ నీరు, లోపల ఒక పక్కన కణాల గుత్తి, చుట్టూ ఒక వరస. "మొదట్లో అన్నీ ఒకటే. పొన్నూరు బస్సెక్కిన జనంలాగా, లోపలికి జరిగినవాళ్ళకి ఒక పని, గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి ఇంకో పని" అని మేడం చెప్పేవారు. లోపలి గుత్తి బిడ్డవుతుంది, బయటి వరస కడుపులో బిడ్డని మోసే మాయ అవుతుంది. చూసింది రాసుకుని, పిండాన్ని మళ్ళీ వెచ్చటి పెట్టెలో (ఇంక్యుబేటరు) పెట్టేశాను. గంట తర్వాత, ఎందుకైనా మంచిదని (చేతులూరుకోక) ఇంకోసారి తీసి చూశాను. గాలి తీసిన బంతిలా ముడుచుకుపోయి ఉంది!

అప్పుడు తగిలింది ముక్కుకి, నా జేబులోంచి కమ్మటి పచ్చకర్పూరం వాసన. పన్నెండేళ్ళ ఆశని దేవుడి ప్రసాదంతో చంపేశాననుకున్నాను. పిండాన్ని పెట్టెలో పెట్టి బయటికి పరిగెత్తి, పొట్లం వాచ్‌మన్ చేతిలో కుక్కి, మోచేతుల దాకా కడుక్కుని, పిండం ముడుచుకుపోయిందని మేడంకి ఫోన్ చేశాను. "రెండు గంటలు పెట్టె తలుపు తియ్యకు, వస్తున్నా" అని పెట్టేశారు. కర్పూరం సంగతి నోరు దాటి రాలేదు.

హాల్లో ఆవిడ నన్ను పట్టుకుంది. "ఎట్టుంది తమ్ముడూ, మాది?"

ఏం చెప్పను? "పడుకుందండి" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "పడుకోనీ, పడుకోనీ. లేపబాకండి" అని, పక్కన దగ్గుతున్న మొగుణ్ణి కూడా కసిరింది. నేను బాత్రూములోకి పోయి ఏడ్చాను.

మేడం వచ్చాక పళ్ళెం తీసి చూశారు. నేను కళ్ళు మూసుకున్నాను. "ఏమైందయ్యా దీనికి? బాగానే ఉందిగా!" అన్నారు. చూద్దును కదా, మళ్ళీ గుండ్రంగా, నిండుగా ఉంది. అప్పుడు ఏడుపూ కర్పూరమూ కలిపి కక్కేశాను. మేడం నవ్వు ఆపుకోలేకపోయారు. "కొన్ని అలా ముడుచుకుని మళ్ళీ పొంగుతాయి. నీళ్ళు లోపలికి తోడి నిలబెట్టేది ఆ బయటి వరసే. నీ కర్పూరం తప్పు కాదులే. కానీ ఇంకోసారి వాసనొస్తే నువ్వే బయట ఉంటావు" అన్నారు.

మధ్యాహ్నం పిండాన్ని గర్భంలోకి పంపే ముందు, ఆవిడకి తెరమీద చూపించాం. "ఇందులో బిడ్డేది తమ్ముడూ?" అంది. గుత్తిని చూపించాను. "మరి చుట్టూ ఉన్నోళ్ళు?" మాయ అవుతారనీ, కడుపు గోడని పట్టుకుని బిడ్డకి తిండి అందించేది వాళ్ళేననీ చెప్పాను. "చివరికేమవుతారు?" అంది. "కాన్పయ్యాక పారేస్తారండి" అన్నాను. ఆవిడ బల్ల మీద పడుకునే రెండు చేతులూ జోడించి, ఆ బయటి వరసకి దణ్ణం పెట్టింది.

ఆ బయటి వరసవాళ్ళు గట్టిగానే పట్టుకున్నారు. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. రేపల్లె నుంచి ఆవిడే ఫోన్ చేసింది. "ఆస్పత్రోళ్ళతో పోట్లాడి మాయ తెచ్చుకున్నాం తమ్ముడూ. అంతకాలం మోసినోళ్ళని పారేస్తామా? ఇంటెనక పూడ్చి కొబ్బరి మొక్క పెట్టాం" అంది. ఇప్పుడు నేనే కొత్తవాళ్ళకి పని నేర్పుతున్నాను. బాత్రూములో ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. ముడుచుకుపోయిందీ ఆ బయటి వరసవాళ్ళే, లేచి నిలబడిందీ వాళ్ళే. ఆ రెండు గంటల్లో నేను బిడ్డ పోయిందనే ఏడ్చాను గానీ, వాళ్ళని ఒక్కసారైనా తలుచుకోలేదు.