అబ్బాయి ఇంటి దగ్గరున్నాడు

ఎనభైల చివర్లో బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో ఉండేవాళ్ళం. అబ్బాయిగా పుట్టిన నేను చీర కట్టడం మొదలుపెట్టిన కొత్త. ఆడదానిగా మారడానికి చాటుగా చేయించుకున్న ఆపరేషన్ పుండు చీము పట్టింది. ఒంట్లో బాగాలేదని మాత్రమే చెబితే, రైల్వే షెడ్డులో ఫిట్టరైన నాన్న రైల్వే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అటెండరు నా పాత పేరు పెట్టి కేకేశాడు. చీరలో లేచి నిలబడ్డాను. అప్పటిదాకా మూలుగుతున్నవాళ్ళు కూడా నవ్వారు.

"కూకో" అని నాన్న ఒక్కడే లోపలికెళ్ళాడు. "అబ్బాయి ఇంటి దగ్గరున్నాడు, జ్వరం" అని డాక్టరుకు హిందీలో చెప్పడం బయటికి వినిపించింది.

తిరిగొచ్చి బిళ్ళలు చేతిలో పెట్టాడు. "ఇంకేటైనా సెప్పాలేటి?" అన్నాడు, నావైపు చూడకుండా.

"నేదు నాన్నా."

పుండు ఎలాగో మానింది. ఇప్పటికీ ఏ డాక్టరు ఏమిటి బాధ అని అడిగినా, ముందు నా నోట జ్వరమనే వస్తుంది.