మొదళ్లన్నీ ఒక దిక్కు

మా వీధిలో సవరాలు కట్టే అవ్వ పోయింది. ఆ పొద్దున నేను పూజకు పూలు కోస్తూ ఉంటే ఆమె కోడలు గోడ అవతలి నుంచి పిలిచింది. "వదినా, మా యత్త లెయ్యలేదు. కాఫీ ఇచ్చేదానికి పోతే ఒళ్లు సల్లగా ఉండాది" అంది. గోడ పట్టుకొని నిలబడిపోయింది. నేను పూలబుట్ట అక్కడే పెట్టి వెళ్లాను. అవ్వ ఎప్పటిలాగే ఒక పక్కకు తిరిగి, చెయ్యి తలకింద పెట్టుకొని పడుకొని ఉంది. ముందురోజు సాయంత్రం వరకు పని చేసిన మనిషి. ఏ బాధా పెట్టకుండా పిలుచుకొన్న స్వామికి మనసులోనే దండం పెట్టుకొన్నాను.

బాగేపల్లి చుట్టుపక్కల పెండ్లి చేసుకొన్న ఆడవాళ్లలో చాలామంది ఆమె చేతి సవరం పెట్టుకొని పీటల మీద కూర్చొన్నవాళ్లే. వాళ్లలో ఎక్కువమందికి ఆమె ఎవరో తెలియదు. సవరం ఎవరు కట్టారని పెండ్లిలో ఎవరూ అడగరు. జడ బాగుందంటారు, అంతే. ఆ జడల వెనక ఒక మనిషి కూర్చొని ఉండేదని మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మన ఇళ్లల్లో ఆడవాళ్లు తల దువ్వుకొన్నాక దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఉండచుట్టి గోడ సందులోనో, తలుపు వెనక సంచిలోనో దోపుతారు. సైకిలు మీద వచ్చే మనిషికి వాటిని ఇచ్చి పిన్నులో, చిన్న గిన్నో తీసుకొంటారు. ఆ ఉండలే అవ్వకు సరుకు. కుంకుడు రసంలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, దబ్బనంతో ఒక్కొక్క పోగూ విడదీసేది. లాగేది కాదు. "చిక్కును పైనించి లాగితే ముడి బిగుస్తాది. కొననించి ఇప్పుకుంటా రావల్ల" అనేది. మా వీధి ఆడపిల్లలందరికీ తల దువ్వుకోవడం నేర్పింది ఆ మాటే.

ఆమె మొహం కంటే ముందు తలను చూసేది. ఎవరైనా గేటు తీసి లోపలికి వస్తే "ఏమ్మా, జ్వరం గాని వచ్చి పోయిందా, పాపిట పలచనైంది" అని పలకరించేది. చాలాసార్లు నిజంగానే జ్వరం వచ్చి పోయి ఉండేది. ఆమె సొంత కొప్పు మాత్రం నిమ్మకాయంత. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది. "నా కొప్పు చూసి ఎవురూ బేరానికి రారులే. నా చేతులు చూసి వస్తారు."

సైకిలు మనిషితో ఆమెకు ఎప్పుడూ పరాచికాలే. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. 

"అవ్వా, అంగట్లో సిల్కు జడలు వచ్చి పడతాండాయి. తళతళ మెరుస్తాండాయి. నువ్వింకా ఈ చిక్కులు ఇప్పుతాండావే" అన్నాడు అతను. 

"మెరిసేది మెరవనీప్పా. హోమం ముందర కూర్చొన్నప్పుడు నిప్పురవ్వ పడితే తెలుస్తాది దాని మెరుపు. నీ సంచి ఇట్ల దించు. పోయినసారి మాదిరి అడుగున ఆవుతోక ఎంటికలు పెట్టింటే చెప్పు, ఇప్పుడే పొమ్మంటా" అంది. 

అతను తల గోక్కొని నవ్వాడు. సంచి దించాడు.

ఇప్పుడు నా కూతురి సంగతి చెప్పాలి. అవ్వను నేను మరచిపోలేకపోవడానికి కారణం అదే.

మా పాప తొమ్మిదో తరగతిలో ఉండగా తల వెనక రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయాయి. మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. మొదట జడతో కప్పి పంపాను. కొన్ని వారాల్లో ఇంకో చోట, ఆ తర్వాత చెవి పైన. జడ వేయడానికి లేకుండా పోయింది. బళ్లో ఒక అమ్మాయి "దీని తలమీద కర్ణాటక మ్యాపు ఉండాది, జిల్లాలు గుర్తుపట్టండి" అన్నదట. ఆ రోజు నుంచి పాప బడికి పోనని కూర్చొంది. చదువులో చురుకైన పిల్ల. పుస్తకం ముట్టదు, అద్దం ముట్టదు, నాతో గుడికి కూడా రాదు. పదో తరగతి ముందుంది. బిడ్డ బడికి శాశ్వతంగా దూరమైపోతుందేమోనని నా భయం. కదిరి స్వామికి మొక్కుకొన్నాను. రోజూ దీపం దగ్గర అదే మాట చెప్పుకొనేదాన్ని.

నా కండ్లు చూసి అవ్వే అడిగి తెలుసుకొంది. వెంటనే గురిగింజ అరగదీసి తెచ్చి పాప తలకు పట్టించింది. వాళ్లమ్మ కాలం నాటి వైద్యం అది. "పేను కొరికింటాది. మందుకు మంట పుడితే పురుగు చస్తాది" అంది. మంట బాగానే పుట్టింది. తెల్లారేసరికి బొబ్బలు లేచాయి. అవ్వ వచ్చి చూసింది. చెప్పులు వేసుకొని, "పదమ్మా, చింతామణికి పోదాం, చర్మం డాక్టరు ఉండాడంట" అని తనే ముందు నడిచింది.

డాక్టరు నిదానంగా చెప్పాడు. ఇది ఏ పురుగూ కొరికింది కాదు, ఒంట్లోని కాపలావాళ్లే పొరపడి వెంట్రుకల కుదుళ్లను శత్రువులనుకొంటున్నారు, కుదుళ్లు చావలేదు, నిద్రపోతున్నాయి, మళ్లీ రావచ్చు, ఎప్పుడని చెప్పలేను అన్నాడు. గింజలు, వెల్లుల్లి ఏవీ పెట్టవద్దన్నాడు. తిరుగు బస్సులో అవ్వ పాప పక్కన కూర్చొంది.

"ఒసే పాపా, ఇంగా మండుతాండాదా?"

"కొంచెం, అవ్వా."

"పేను ఎట్ల కొరుకుతాది మొదలంటా? ఇన్ని ఎంటికలు చూసిన దాన్ని, నేనైనా యోచన చేయల్ల కదా. మా యమ్మ చెప్పింది, నమ్మేస్తి. నాది తప్పు."

పెద్దవాళ్లు పిల్లల ముందు ఆ మాట అనడం పాప అప్పటివరకు వినలేదు. అవ్వ చెయ్యి పట్టుకొని బాగేపల్లి వచ్చేవరకు వదలలేదు.

కొన్ని రోజులు పోయాక నేను అవ్వ దగ్గరికి వెళ్లి పాపకు ఒక సవరం కట్టివ్వమని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "సవరం పట్టుకొని నిలిచేదానికి తలలో ఎంటికలు ఉండల్ల కదమ్మా. యాడ గుచ్చేది పిన్ను? టోపీ మాదిరి కుట్టేది నాకు రాదు. నువ్వు పాపను పంపించు. నాకు కండ్లు సరిగ్గా కనపడవు. పోగులు ఏరిచ్చేదానికి ఒక మనిషి కావల్ల."

నాకు మనసు ఒప్పలేదు. జుట్టు పోయిన పిల్లను తీసుకొనిపోయి జుట్టు కుప్పల మధ్య కూర్చోబెట్టడమా అనిపించింది. "దేవునికి చెప్పుకొంటానే ఉండాను అవ్వా" అన్నాను. "ఒకసారి చెప్తే చాలమ్మా. ఆయప్పకు మరుపు లేదు. ఎదురింటామెకు చెప్పినట్ల దినామూ చెప్తే ఆయప్పకు ఇసుగు రాదా" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పాప మాత్రం పోతానంది.

తలకు ఓణీ చుట్టుకొని, గోడకు ఆనుకొని, అవ్వ ఎదురుగా కూర్చొనేది. అవ్వ ఆమె తలను చూసేది కాదు. ఒకరోజు నేను కాఫీ తీసుకొనిపోతే లోపలి మాటలు వినపడ్డాయి.

"అవ్వా, నాకు మళ్లా వస్తాదా?"

"తెలీదు పాపా. తెలిస్తే చెప్పుదును. ఆ ముడి ఇప్పు, గట్టిగా ఉండాది."

నేను గడప దగ్గరే ఆగిపోయాను. మేమందరం వస్తుంది, వస్తుంది అని చెప్పీ చెప్పీ ఆ మాటను ఎందుకూ పనికిరాకుండా చేసి పెట్టాం. అవ్వ తెలియదంది. పాప ఆ ముడి విప్పింది. మర్నాడు ఉక్కపోతకు ఓణీ తీసి పక్కన పెట్టిందట.

పోగులు ఏరడంలో ఒక కిటుకు ఉంది. ఉండలో వెంట్రుకలు మొదలు ఎటో, కొన ఎటో కలిసిపోయి ఉంటాయి. వాటిని అలాగే కడితే సవరం కొన్నాళ్లకే పీచైపోతుంది. "తలకిందులు ఎంటిక ఒకటి పడినా పక్కదాన్ని పట్టుకొంటాది, అది ఇంకోదాన్ని. మొదళ్లన్నీ ఒక దిక్కే ఉండల్ల" అనేది అవ్వ. మొదలు ఏదో తెలుసుకోవడానికి వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని ముందుకూ వెనక్కూ నలిపేది. వెంట్రుక తనంతట తానే ఒక పక్కకు పాకుతుంది. అది పాకే వైపే మొదలు. మీరూ ఒకసారి చేసి చూడండి, నేను చేసి ఆశ్చర్యపోయాను.

పాప దాన్ని వదలలేదు. "ఎందుకు పాకుతాది అవ్వా? రెండు పక్కలా ఒకే మాదిరి కదా ఉండేది?" 

"నన్నడిగితే నాకేం తెలుసు? నా యేలికి తెలుసు, అంతే. మీ బళ్లో అడుగు పో." 

"బడికి పోను." 

"పోవద్దులే. తెలుసుకోకుండా ఉండు."

ఈ మాటకు పాప మూడు దినాలు ముడుచుకొని కూర్చొంది. నాలుగో రోజు ఓణీ చుట్టుకొని, రెండు వెంట్రుకలు కాగితంలో మడిచి పెట్టుకొని, బడికి పోయింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాను. పిలవలేదు, ఏమీ అడగలేదు. పిలిస్తే తిరిగి వస్తుందేమోనని.

విజ్ఞానం చెప్పే మిస్సు ఆ ప్రశ్నకు సంతోషపడి అప్పటికప్పుడు గాజు పలక మీద వెంట్రుకను పెట్టి సూక్ష్మదర్శకంలో చూపించిందట. పాప సాయంత్రం ఇంటికి రాకుండా నేరుగా అవ్వ దగ్గరికి పోయింది. 

"అవ్వా, ఎంటిక మీద పెంకులు ఉండాయి. మన ఇంటి మీద పెంకుల మాదిరి ఒకదాని మీద ఒకటి, అన్నీ కొన దిక్కే వాలి ఉండాయి. అందుకే మొదలు పక్కకు జారుతాది, కొన పక్కకు పోవాలంటే అడ్డం పడతాది."

అవ్వ ఒక వెంట్రుక తీసి వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "ఇంత సన్న ఎంటికకు కూడా కప్పు కప్పినాడే స్వామి" అంది. తర్వాత "రేపు ఇంకేమన్నా అడిగి రా" అంది.

పాప మర్నాడు పోయింది. ఆ మర్నాడూ పోయింది. వెంట్రుకకు నలుపు ఎక్కడి నుంచి వస్తుంది, కొందరిది ఎందుకు రింగులు తిరుగుతుంది, రాలినదానికి ప్రాణం ఉందా లేదా, ఇట్లా రోజుకొక ప్రశ్న మోసుకొని పోయేది. మ్యాపు అన్న అమ్మాయి కూడా ఒకరోజు తన వెంట్రుక పీకి ఇచ్చి, నాది చూడమన్నదట. పదో తరగతి పాసైంది. ఇప్పుడు చిక్కబళ్లాపురంలో డిగ్రీ చదువుతోంది, రోజూ బస్సులో పోయి వస్తుంది. జుట్టు చాలావరకు వచ్చింది. ఒక చోట వస్తుంది, ఇంకో చోట పోతుంది. అవ్వ ఇంట్లో తప్ప ఎక్కడా తలమీద ఓణీ తీసేది కాదు. కాలేజీలో, బస్సులో, పెండ్లిళ్లలో, ఎండాకాలంలో కూడా ఓణీయే. నేను ఆ విషయం ఎత్తేదాన్ని కాదు.

అవ్వ పోయిన నాటికి మిట్టేమరి ఊరి పెండ్లికూతురి సవరం ఒకటి సగంలో ఉంది. ఆ పిల్లకు టైఫాయిడ్ వచ్చి జుట్టు పలచబడింది. వాళ్లమ్మ తన తల వెంట్రుకలే ఏళ్లుగా దాచిపెట్టి తెచ్చి ఇచ్చింది. అవ్వకు అట్లాంటి పని అంటే ప్రీతి. పోగులు ఏరడానికి వాటిని మా ఇంటికి పంపింది. అవ్వ పోయాక పెండ్లికూతురి తల్లి వచ్చి మా వాకిట్లో కూర్చొంది, అడగలేక అడిగింది.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. సూతకం ఇంటి సొత్తు కదా. పెండ్లికూతురి తలకు ఎట్ల పెట్టేది? పెట్టకుంటే నా ఎంటికలు ఇంగ యాడ దొరకతాయి?"

నాకూ సందేహమే. ఇట్లాంటి వాటిని నేను తేలికగా తీసుకోను. అవ్వ కోడలు గోడ అవతలి నుంచి అంతా వింది. "ఏమ్మా, సూతకం మాకు. మా యత్త బతికుండంగానే ఆ పని పాప చేతికిచ్చె. అది పాప ఇంట్లో ఉండేది. పాపకేం సూతకం? కట్టించుకొని పోండి" అంది. తల్లి కండ్లు ఒత్తుకొంది. పాప లోపలికి పోయి దబ్బనం తీసుకొంది.

ఇన్నేళ్లు అవ్వ పక్కన కూర్చొని కట్టడమూ నేర్చుకొన్న పాప మొదటిసారి ఒంటరిగా కట్టిన సవరం అది. పెండ్లికి ఇద్దరం పోయాం. అలంకారం చేసే గది చిన్నది, ఆడవాళ్లతో నిండిపోయి ఉంది. పెండ్లికూతురి వెనక పాప మోకాళ్ల మీద కూర్చొని సవరాన్ని జుట్టులో కలుపుతూ ఉంటే ఓణీ జారి జారి చేతుల మీద పడుతోంది. ఒకసారి సర్దుకొంది. ఇంకోసారి సర్దుకొంది. మూడోసారి దాన్ని తీసి నా ఒళ్లోకి విసిరింది. చెవి వెనక నుంచి మెడ వరకు ఖాళీగా ఉన్న చోటు అందరికీ కనపడింది. గదిలో మాటలు తగ్గాయి. పెండ్లివారి చిన్నపిల్ల ఒకతె దగ్గరికి వచ్చి "అక్కా, నీ తలకేమాయె?" అంది.

"రాలిపోయింది. వస్తే వస్తాది. ఆ పిన్ను ఇట్ల ఇయ్యి" అంది పాప, తల తిప్పకుండా.

పిల్ల పిన్ను ఇచ్చింది. మాటలు మళ్లీ మొదలయ్యాయి.

ముహూర్తం అయ్యాక ఆడవాళ్లు పాపను పెరట్లోకి పిలుచుకొనిపోయారు. ఒకామె తన కూతురి జడ చూపిస్తోంది, ఇంకొకామె తన పాపిట చూపిస్తోంది. పాప వాళ్ల తలలమీద చెయ్యి పెట్టి ఏదో చెబుతోంది. ఎండ ఆమె వెనక పడుతోంది. ఖాళీ చోట సన్నని తెల్లని నూగు, మొదటి వాన తర్వాత ఎర్రనేలలో లేచిన రాగి మొలకలా, ఎండలో నిలబడి ఉంది. ఆమె దాన్ని ఇంకా చూసుకొని ఉండదు. ఓణీ నా చేతిలోనే ఉంది. నేను పిలవలేదు.