అలెగ్జాండ్రియాలో చారు కాచిన రోజు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక పెర్త్ శివారు హారిస్‌డేల్‌లో మా ఇంటి వెనకాల నీడపట్టున కూర్చుని ఉండగా, యూనివర్సిటీలో చివరి సంవత్సరం చదువుతున్న మా మనవరాలు వచ్చి ఫోను నా ముందు పెట్టింది. స్నేహితురాలితో కలిసి అది అలెగ్జాండ్రియా వెళుతోంది. అక్కడ ఎక్కడెక్కడ తినాలో ఏరిపెట్టుకున్న హోటళ్ళ ఫొటోలు ఒక్కొక్కటే జరిపి చూపించింది. అన్నీ సముద్రం కనబడే అద్దాల మేడలే, అన్నింట్లోనూ పెద్ద తెల్ల పళ్ళెంలో పిడికెడు తిండే.

"అమ్మమ్మా, యూ లివ్‌డ్ దేర్. మీరు యాక్చువల్లీ ఎక్కడ తినేవాళ్ళు?" అని అడిగింది. ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబు చెప్పే పిల్ల అరవాక్యమైనా తెలుగులో అడిగేసరికి నాకు హుషారు వచ్చింది. ఆ ఊళ్ళో తినడం, తాగడం గురించి నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు ఈ పెర్త్ మొత్తంలో ఉండరని కాస్త గర్వంగానే అన్నాను. వాళ్ళమ్మ పుట్టింది ఆ ఊళ్ళోనే మరి.

మా ఈడువాళ్ళు చాలామంది ఇండియా నుంచి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళే. మేం మాత్రం దారిలో మధ్యధరా సముద్రం ఒడ్డున కొన్నేళ్ళు ఆగి వచ్చాం. మా వారికి అక్కడ ఒక నూలు మిల్లులో యంత్రాలు బిగించి నడిపించే ఉద్యోగం. బాపట్ల దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని నేను, గ్రీకులూ రోమన్లూ ఏలారని పాఠాల్లో చదువుకున్న ఊళ్ళో, సముద్రానికి రెండు వీధుల వెనక, ఇనప అల్లికల బాల్కనీలున్న పాత మేడలో కొత్త కాపురం పెట్టాను.

శాకాహారులు, అక్కడ ఏం తిని బతుకుతారో అని మా అమ్మ బెంగ పెట్టుకుంది గాని, ఆ బెంగ అక్కర్లేదని వెళ్ళిన కొద్దిరోజులకే తేలిపోయింది. పొద్దున్నే వీధి మొదట్లో తోపుడుబండి మీద పొట్ట లావుగా, మెడ సన్నగా ఉండే రాగి పాత్ర పెట్టుకుని, అందులో రాత్రంతా మగ్గిన చిక్కుడు గింజల ముద్దను నిమ్మరసం, జీలకర్ర పొడి, నూనె కలిపి వేడి రొట్టెతో ఇచ్చేవారు. దాన్ని ఫూల్ అంటారు. ఫూల్ నిలబడే తినాలి, ఎండ ముదరకముందే తినాలి, కుర్చీ వేసి వడ్డించే చోట దానికి ఆ రుచి రానే రాదు. అవే గింజలు నానబెట్టి, రుబ్బి, కొత్తిమీర కలిపి వేయించే ఫలాఫెల్ మన మసాలా వడకు స్వయానా పినతల్లి కూతురు. అన్నం, పప్పు, మెకరోనీ కలిపి, పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయలు చల్లి, వెల్లుల్లి పులుసు పోసిచ్చే కొషరి తిన్న రోజు ఇక రాత్రి వంట మాట ఎత్తేవాళ్ళం కాదు. సాయంత్రాలు సముద్రం గట్టున నడుస్తూ, ఉప్పునీళ్ళలో నానిన పచ్చటి గింజలను తొక్క ఊడదీసి నోట్లో వేసుకుంటుంటే అచ్చం గుగ్గిళ్ళు తిన్నట్టే ఉండేది. వడకట్టకుండా ఇచ్చే అక్కడి కాఫీ మాత్రం మా వారికి మొదటిసారే బుద్ధి చెప్పింది. మన కాఫీ అనుకుని కప్పు చివరిదాకా ఎత్తి తాగేసి, నోటినిండా మడ్డితో ఎటు చూడాలో తెలియక సముద్రం కేసి చూస్తూ నిలబడిపోయారు.

ఇంత మురిసిపోయిన నోరు, నాకు నెల తప్పేసరికి ఒక్కసారిగా తిరగబడింది. ఇష్టపడ్డ వాసనలే వాంతి తెప్పించేవి. నూనె మరిగితే కిటికీ మూసేదాన్ని, చేపల బండి వస్తే తలుపు మూసేదాన్ని. చివరికి మంచినీళ్ళు కూడా కడుపులో నిలవలేదు. బుగ్గలు లోపలికి పోయాయి, గాజులు మోచేతి దాకా జారాయి. మిల్లు డాక్టరుగారు చూసి, ఇలాగే ఉంటే తల్లికీ బిడ్డకీ మంచిది కాదని, పుట్టింటికి పంపించేయడమే మేలని చెప్పారు.

మా వారికి ఒప్పందం ముగిసేదాకా ఊరు కదిలే వీలు లేదు. నేను వెళితే పురుడు ఆయన లేకుండానే జరుగుతుంది. ఆయన బిడ్డను చూసేనాటికి అది నడుస్తూ ఎదురొస్తుంది. నేను వెళ్ళనని ఏడ్చాను. ఆయన నా మంచం పక్కన కూర్చుని, "నాకు మాత్రం పంపాలని ఉందా? నిన్నిలా చూడలేకపోతున్నాను," అన్నారు. ఇక కాదనలేకపోయాను. టికెట్ తీశారు. ఓపిక ఉన్నప్పుడల్లా లేచి పెట్టెలో నాలుగు చీరలు పెట్టుకునేదాన్ని.

మా పై అంతస్తులో ఒకావిడ ఉండేది. బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయింది, భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎదురుపడితే నవ్వుకోవడమే తప్ప మా మధ్య అప్పటికి పెద్దగా మాటల్లేవు. నేను వెళ్ళిపోతున్నానని మెట్ల దగ్గర ఎవరో చెప్పుకుంటుంటే విని, పుదీనా టీ పట్టుకుని వచ్చింది. నన్నూ, తెరిచి ఉన్న పెట్టెనూ చూసి, కూర్చుని, "నీకు ఏది పడటంలేదో అందరూ అడిగే ఉంటారు. నీ నోరు ఏం అడుగుతోందో చెప్పు," అంది.

పులుపు అన్నాను. నిమ్మకాయా అంది, కాదన్నాను. వెనిగర్‌లో ఊరిన ముల్లంగి పేరెత్తేసరికి వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. నాకు కావలసిన పులుపు వేరు. ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు ఎప్పుడో అయిపోయింది, అది ఈ దేశంలో దొరుకుతుందని నాకు తోచనే లేదు. టామరిండ్ అని చెప్పాను. ఆవిడకు ఆ ఇంగ్లీషు మాట తెలియదు. మళ్ళీ అనమంది. విడదీసి, నెమ్మదిగా అన్నాను. ఆవిడ పెదాలు కదుపుతూ ఆ మాటను తనలో తాను అనుకుని చూసి, లేచి, చెప్పులు వేసుకోమంది.

టాక్సీలో పాత బజారులో ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. పచ్చ పలకల గోడల రసాల దుకాణం అది. గుమ్మానికి ఆనించి చెరుకు కట్టలు, లోపల పెద్ద పెద్ద గాజు జాడీల్లో ఎర్రటివీ, తెల్లటివీ పానీయాలు. ముదురు గోధుమరంగుది ఒక గ్లాసు నా చేతికి ఇప్పించింది. వాసన చూడటానికి భయపడి, ఊపిరి బిగబట్టి గుక్క వేశాను. ముందు తీపి తగిలింది, ఆ తీపి వెనకనుంచి దవడలు జివ్వుమనేలా నాకు బాగా తెలిసిన పులుపు వచ్చింది. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"తమర్ హిందీ," అంది ఆవిడ. "హిందూదేశపు ఖర్జూరం అని అర్థం. మేం మీ దేశం పేరు పెట్టుకుని తాగుతున్నాం. నువ్వేమో దీని కోసం విమానం ఎక్కుతానంటున్నావు."

ఇంకో గ్లాసు తాగాను. నిలిచింది. ఆ పక్క వీధిలోనే సుగంధద్రవ్యాల అంగట్లో అచ్చు కట్టిన చింతపండు దొరికింది. ఇంటికొచ్చి, నా దగ్గర మిగిలిన ఇంగువ, ఆవాలు, ఎండుమిరపకాయలతో పోపు పెట్టి చారు కాచాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, నేను ఎక్కడ పడిపోతానో అని కనిపెట్టుకుని ఉంది. మా వారు మిల్లు నుంచి వస్తూ మెట్ల మీదే పోపు వాసన పట్టి, ఒక్క నిమిషం నమ్మలేక గుమ్మంలోనే ఆగిపోయారు.

"టికెట్ వెనక్కి ఇచ్చేయండి. నేనిక్కడే కంటాను," అన్నాను.

ఆయన కంచం దగ్గర కూర్చుని చారన్నం కలుపుకుని తిన్నారు, మర్నాడే టికెట్ వెనక్కి ఇచ్చేశారు. వాంతులు ఆ రోజుతోనే ఆగిపోయాయని చెప్పను. కాని రోజూ ఓ గిన్నెడు చారన్నం నిలిచింది, దాని ఆసరాతో తక్కినవీ ఒక్కొక్కటే నోటికి తిరిగొచ్చాయి. మా అమ్మాయి పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో మా వారి పక్కన కూర్చున్నది ఆవిడే. బాలింతలకు మంచిదని, ఏదో వేరు పొడిని నేతిలో వేయించి కాచిన చిక్కటి పానీయం ఫ్లాస్కులో తెచ్చి పట్టించింది. మేం ఆ ఊరు వదిలేదాకా ప్రతి శుక్రవారం కిందికి వచ్చి, చారును గ్లాసులో పోయించుకుని, ఊదుకుంటూ కాఫీలా తాగేది. అంత మంచి దాన్ని అన్నంలో కలపడం దండగనేది. మేం పెర్త్ వచ్చాక చాలా ఏళ్ళు ఉత్తరాలు నడిచాయి. చివరికి ఆవిడ పోయినట్టు వాళ్ళ చెల్లెలి కూతురు రాసింది.

ఇదంతా విని మా మనవరాలు ఆ దుకాణం పేరేమిటని అడిగింది. బోర్డు మీది అక్షరాలు నాకు చదవడం రాదు, దారి మాత్రం కళ్ళకు కట్టినట్టు ఉంది. ఫోనులో మా వీధి వెతికి చూపిస్తే మా మేడ ఉన్నచోట పదిహేను అంతస్తుల భవనం ఉంది. "సో ఐ జస్ట్ ఆస్క్ సమ్‌వన్?" అంది కాస్త బెరుగ్గా. అంతేనన్నాను.

ఆ రోజుల్లో మాకు తెలియనివి చాలా ఉండేవి, తెలియదు గనక అడిగేవాళ్ళం, అడిగితే మనుషులు లేచి చెప్పులు వేసుకుని వెంట వచ్చేవారు. ఇప్పుడు అడగవలసిన పనే లేకుండా పోయింది. ఏ ఊళ్ళో ఏది బాగుంటుందో బయల్దేరకముందే తెలుస్తోంది, ఏది కావాలన్నా గుమ్మంలోకి వస్తోంది. ఇది మంచికేనని నేనూ ఒప్పుకుంటాను, నా తిప్పలు మా మనవరాలు పడాలని కోరుకోను. కాని హారిస్‌డేల్‌లో ఈ ఇంట్లోకి వచ్చి ఇన్నేళ్ళయినా, రోజూ కారు తీస్తూ చెయ్యి ఊపే ఎదురింటివాళ్ళు ఏం వండుకుంటారో నాకు తెలియదు, ఒంట్లో బాగాలేనప్పుడు వాళ్ళ నోరు ఏం అడుగుతుందో అంతకంటే తెలియదు.