నడుము లోతు కందిపప్పు

ఈ మధ్య కందిపప్పు అంతా ప్యాకెట్లలోనే వస్తోంది. మూతి కాల్చి అతికించిన ప్లాస్టిక్, దాని మీద నవ్వుతున్న ఒక ఇల్లాలి బొమ్మ. పప్పును చూసి ఎవరైనా అంతగా నవ్వుతారా అన్నది వేరే సంగతి. నా ఫిర్యాదు చిన్నది. అందులో చెయ్యి పెట్టి చూడటానికి లేదు. చెయ్యి పెట్టకుండా పప్పు కొనడమంటే ఫోటో చూసి పెళ్లి చేసుకోవడం లాంటిది. నేను అలాగే చేసుకున్నాను కాబట్టి ఆ విషయం ఎక్కువ సాగదీయను.

పెళ్లయి నేను వచ్చిన ఇంట్లో ముందు దుకాణం, వెనక సంసారం ఉండేవి. పటాన్‌చెరులో, పెద్ద రోడ్డుకు కాస్త లోపలికి. మామయ్యది ధాన్యం వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ల రైతుల దగ్గర జొన్నలు, కందులు, పెసలు కొనేవారు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు, కాలనీల వాళ్లకు పప్పూ బియ్యం అమ్మేవారు. మా ఆయన పక్కన నిలబడి తూకం వేసేవారు. నేను సంగారెడ్డిలో బి.ఏ. చదివాను. చరిత్ర, రాజనీతి. అత్తగారింట్లో ఆ రెండూ పనికొస్తాయని కాలేజీలో ఎవరూ చెప్పలేదు గానీ, బాగానే పనికొచ్చాయి.

తొంభైల మొదట్లో మాకు కొడుకు పుట్టాడు. మొదటి నుంచీ వాడికి నేను నచ్చలేదు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోయేవాడు. ఒళ్లో వేసుకుంటే విల్లులా వెనక్కి వంగి, కిందికి దింపేదాకా ఏడ్చేవాడు. దింపితే మానేవాడు. పాలు తాగేటప్పుడు కూడా నా చెయ్యి తగలకూడదు. ఆ పని చేతులు తగలకుండా ఎలా కుదురుతుందో తల్లులైన వాళ్లు ఆలోచించుకోవచ్చు.

వాడికి పడనిది నేనొక్కదాన్నే కాదు, మొత్తం లోకమేనని కొన్నాళ్లకు తెలిసి నాకు కొంచెం ఊరట కలిగింది. కొత్త చొక్కా తొడిగితే ఒంటికి నిప్పంటుకున్నట్టు పీకేసుకునేవాడు. పోపులో ఆవాలు చిటపటమంటే చెవులు మూసుకుని గోడకు తల ఆనించేవాడు. అన్నం మెత్తబడితే కక్కేవాడు. తడి తువ్వాలు తగిలినా ఏడుపే. నూనె రాసి తలంటిన రోజు వీధిలో వాళ్లు తలుపులు తీసుకుని బయటికి వచ్చేవాళ్లు. వీటన్నిటి మీదా ఫ్యాక్టరీ సైరన్ ఒకటి. షిఫ్టు మారినప్పుడల్లా కూసేది. ఊరంతా దాన్ని బట్టి టీ తాగేది. మావాడు నేల మీద పడి కొట్టుకునేవాడు.

అత్తమ్మ ఎండు మిరపకాయలతో దిష్టి తీసింది. ఆ ఘాటుకు వాడు ఇంకా ఏడ్చాడు, దాంతో దిష్టి గట్టిదేనని తేలింది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టారు. మెడకు దారం తగలడం ఓర్చుకోలేక కొరికి తెంపేశాడు. డాక్టరు టానిక్ రాశాడు. వాడు తాగలేదు. సీసా పారబోయడం ఎందుకని మా ఆయన తాగారు. ఆయనకు ఆకలి బాగా పెరిగింది.

ఇలాంటి పిల్లలకు చర్మం, చెవులు, నాలుక మోసుకొచ్చే కబుర్లు మనకంటే చాలా గట్టిగా చేరతాయనీ, దానికి డాక్టర్ల దగ్గర ఒక పేరు కూడా ఉందనీ నాకు చెప్పిన డాక్టరమ్మ దొరికేసరికి వాడికి మీసాలు వస్తున్నాయి. అప్పట్లో మాత్రం ఇంట్లో దానికున్న పేరు మొండితనం. పెంచింది నేను కాబట్టి అది నా ఖాతాలోనే పడింది.

"పోరడు గట్ల ఏడుస్తుంటే నీకు నవ్వెట్ల వస్తదే?" అనేది అత్తమ్మ. నేను నిజానికి నవ్వేదాన్ని కాదు. ఏదో ఒక మాట అనేదాన్ని, విన్నవాళ్లు నవ్వేవాళ్లు. అత్తమ్మ లెక్కలో రెండూ ఒకటే.

వాడికి మూడేళ్లు వచ్చాక ఒక పొద్దున, నేను పోపు వేస్తుంటే ఆవాల చప్పుడుకు వాడు దుకాణంలోకి పరుగెత్తాడు. నేను గరిటె పట్టుకుని వెనకే వెళ్లాను. అక్కడ మూతి విప్పిన జొన్నల బస్తా ఉంది. వాడు రెండు చేతులూ అందులో మోచేతుల దాకా దింపేసి, చెంప బస్తా అంచుకు ఆనించి, అలాగే నిలబడిపోయాడు. ఏడుపు ఆగిపోయింది. మా దుకాణంలో గోడ గడియారం టిక్ టిక్ అంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ధాన్యం కొనేవాళ్లు పని మొదలుపెట్టేది సరిగ్గా అలాగే. పైన కనిపించే గింజను నమ్మరు. మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగున తడి ఉందా, లోపల వేడెక్కిందా చూసి, అప్పుడు బేరంలోకి దిగుతారు. మామయ్య జీవితమంతా చేసిన పని అది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"సూసినవా?" అన్నారు మా ఆయనతో. "నీకు పెండ్లయి పోరడు పుట్టినంక గూడ అడుగు దాక చెయ్యి పెట్టుడు రాలే. వీనికి ఎవలు నేర్పిండ్రు? పుట్టు సేటురా వీడు!"

మా ఆయన తూకం రాళ్లు సర్దుకున్నారు.

ఆ రోజు నుంచి వాడు మొండివాడు కాడు, పుట్టు సేటు. వచ్చిన ప్రతివాళ్లకూ మామయ్య ఆ కథ చెప్పేవారు. వాడు తాకిన బస్తా తొందరగా అమ్ముడుపోతుందని కూడా ఒక మాట పుట్టింది. నేను నమ్మలేదు. నమ్మలేదని చెప్పాల్సిన అవసరమూ కనిపించలేదు. మొండి కంటే సేటు మంచి హోదా.

ఆ ఏడాది లక్డారం నుంచి ఒక రైతు జొన్నలు తెచ్చాడు. మావాడు బస్తాలో చెయ్యి పెట్టి, కెవ్వుమని వెనక్కి లాక్కున్నాడు. మామయ్య తన చెయ్యి పెట్టి చూసి, "తడి ఉన్నది పటేలా. ధర తగ్గుతది," అన్నారు.

రైతు ఆయన్నీ వాణ్నీ మార్చి మార్చి చూశాడు. "ఏంది సేటూ, గీ పోరడు ఏడిస్తే ధర తగ్గిస్తవా? మరి నవ్వితే పెంచుతవా?"

"నవ్విననాడు రా, సూద్దం."

"నీ మనుమడు నవ్వేదాక ఆగితే నా జొన్నలు మొలకలొస్తయ్."

అందరూ నవ్వారు, వాడు తప్ప. జొన్నల్లో కొంచెం తడి ఉన్న మాట నిజమే. వాడు తడి తువ్వాలుకు కూడా ఇలాగే ఏడుస్తాడన్న సంగతి బేరంలోకి రాలేదు.

తర్వాత కొన్ని నెలలకు వాడికి చేతులు సరిపోలేదు. ఒక మధ్యాహ్నం సైరన్ కూసింది. వాడు కందిపప్పు బస్తా దగ్గరికి పరుగెత్తి, పక్కనున్న డబ్బా ఎక్కి, ఒక కాలు లోపల పెట్టాడు. తర్వాత రెండోది. మెల్లగా కదులుతూ కదులుతూ నడుము దాకా దిగిపోయాడు. పప్పు చుట్టూ సర్దుకుని వాణ్ని గట్టిగా పట్టుకుంది. వాడు కళ్లు మూసుకున్నాడు. నుదురు, దవడలు, భుజాలు ఒక్కొక్కటీ డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నట్టు వదులయ్యాయి. అంత హాయిగా ఉన్న వాడి ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు. దగ్గరి నుంచి అసలే చూడలేదు.

"తినే గింజల మీద కాలు!" అత్తమ్మ పరుగెత్తుకొచ్చి నాలుగు గింజలు తీసి కళ్లకద్దుకుంది. "లక్ష్మి ఉంటదా ఇగ గీ ఇంట్ల? బయటికి తియ్యుండ్రి వాన్ని!"

మా ఆయన తీయబోయారు. మామయ్య చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన కూడా ఆ ముఖాన్నే చూస్తున్నారు.

"ఉండనియ్యి," అన్నారు. "ఇగ నుంచి కాళ్లు కడిగి దింపుండ్రి. గీ బస్తా అమ్మొద్దు. వానిదే."

తరతరాలుగా ధాన్యం తూచి బతికిన ఇంటి మనిషి ఆ మాట అనడం చిన్న విషయం కాదు. తూకం వెనక మూలకు ఆ బస్తాను జరిపి, అంచును కిందికి మడిచి, వాడు ఎక్కడానికి డబ్బా కూడా ఆయనే పెట్టారు. వాడి కాళ్లు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆ రెండిటికీ వాడు ఏడ్చే ఏడుపు విని, తీసుకెళ్లి అందులో దింపడం నా పని. దింపాక వాడికి తల దువ్వవచ్చు. ముద్దలు పెట్టవచ్చు. గోళ్లు కూడా తీయవచ్చు. ఒకసారి వాడి తలకు నా చెంప ఆనిస్తే తల పక్కకు తిప్పుకోలేదు. పప్పు గొప్పతనమే, నాదేం లేదు.

ఐదేళ్లకు బళ్లో వేశాం. రెండో రోజే తిరిగొచ్చాడు. బల్ల మీద ఇటొకడి మోచెయ్యి, అటొకడి మోచెయ్యి, పైన గంట. ఎవరినో కొరికాడట. "ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచండమ్మా, అక్కడ కుదురుగా ఉంటాడంటున్నారు కదా," అన్నారు హెడ్ మేడమ్. బస్తాతో పాటు పంపితే ఇక్కడా కుదురుగానే ఉంటాడండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు. అది జోకు కాదని ఆవిడకు ఎలా తెలిసిందో!

అలా వాడు పొద్దస్తమానం దుకాణంలోనే ఉండసాగాడు. ఐదేళ్ల పిల్లాడు నడుము దాకా పప్పులో నిలబడితే మూడేళ్లవాడిలా ముద్దుగా ఉండదు. బీరంగూడ కాలనీ నుంచి నెలసరుకులకు వచ్చే ఒకావిడ, చీటీ ఇచ్చి, వాణ్ని చూసి ఆగిపోయింది.

"పోయిన నెల మాకు కట్టిన పప్పు అందులోదేనా?"

"అయ్యో, కాదమ్మా," అన్నారు మామయ్య. "అది అమ్మేది కాదు. మా మనుమనిది."

"పిల్లవాడికి బస్తా పప్పా?"

"కొంచెం ఎక్కువ తింటాడండీ," అన్నాను లోపలి గుమ్మంలోంచి.

ఆవిడ నవ్వింది. చీటీలో పప్పు కొట్టేసి మిగతావన్నీ తీసుకుంది. తర్వాతి నెల చీటీయే రాలేదు.

ఒకావిడతో పోయేదైతే నేను ఇది రాసేదాన్ని కాదు. కొన్ని వారాలకు మా ఆయన, ఎప్పుడూ మాట్లాడని మనిషి, అన్నం దగ్గర నోరు విప్పారు.

"నాయినా, అందరు గదే అడుగుతుండ్రు. పోరడు తొక్కిన పప్పేనా అంటుండ్రు. ఎదురు దుకాణపాయన 'మా పప్పుల కాళ్లుండయ్' అని నవ్వుతుండు."

మామయ్య మజ్జిగ కలుపుకున్నారు. ఆయన అవునంటే బస్తా పోతుంది. బస్తా పోతే సైరన్ కూసినప్పుడు వాడు ఎక్కడికి పోవాలి? నాకున్న ప్రశ్న అదొక్కటే. ఎంత వెతికినా దాని మీద జోకు దొరకలేదు.

మర్నాడు దుకాణంలో బేరాలు లేవు. మామయ్య జొన్నల బస్తాలోంచి ఒక గుప్పెడు తీసి, పప్పులో నిలబడ్డ మనవడి ముందు అరచెయ్యి చాపారు.

"సేటూ, సూసి చెప్పు. తడా, పొడా?"

వాడు తూకం గొలుసు ఊగడం చూస్తున్నాడు.

"ఇగో, ఇటు సూడు నాయినా. తడా, పొడా? ఒక్కపారి చెయ్యి పెట్టు."

వాడు చూడలేదు. గొలుసు ఆగిపోయింది. అయినా దాన్నే చూస్తున్నాడు. మామయ్య అలాగే చెయ్యి చాపుకుని చాలాసేపు నిలబడ్డారు. తర్వాత జొన్నలు వాటి బస్తాలో వేసి, ఒక్క గింజ కూడా మిగలకుండా చేతులు దులుపుకున్నారు.

"బస్తా లోపల పెట్టుండ్రి," అన్నారు.

ఆ తర్వాత ఆయన నోట పుట్టు సేటు అన్న మాట నేను వినలేదు.

వాడు బయటికి వచ్చాక మా ఆయనా నేనూ దాన్ని లాక్కుంటూ వెళ్లి వంటింటి పక్క గదిలో పెట్టాం. వాడు రాలేదు. దుకాణం మూలలో, బస్తా ఉండిన చోట నేల కొంచెం తెల్లగా మిగిలింది. దాని మీద నిలబడ్డాడు. పిలిస్తే రాడు, ఎత్తుకుంటే నేను బతకను. వంటింట్లో పోపు ఆపేశాను. డబ్బా తెచ్చి బస్తా పక్కనే పెడదామనుకుని, పెట్టకుండా ఆగాను. షిఫ్టు వేళ అవుతోంది.

గుమ్మానికి ఎదురుగా, బస్తాకు ముందు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వాడికి బస్తా కొత్తచోట వెంటనే కనిపించదనీ, అంతకంటే ముందు నేను కనిపిస్తాననీ నాకు తట్టింది. బి.ఏ. చదివినవాళ్లకు ఇలాంటివి తడుతుంటాయి. అత్తమ్మ గోడవారన చాటలో బియ్యం ఏరుతోంది.

సైరన్ కూసింది.

వాడు చెవులు మూసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. నేను చేతులు చాపాను. సూటిగా నా వైపే వచ్చాడు. వచ్చి, నా తొడ మీద ఒక కాలు వేసి, భుజం మీద మోకాలు ఆనించి, నన్ను డబ్బాలా ఎక్కి, నా వెనక ఉన్న పప్పులోకి దిగిపోయాడు. గింజలు జారి సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఏడుపు ఆగిపోయింది.

నేను చేతులు దించుకున్నాను. తొడ మీద అంటిన రెండు పప్పు బద్దలు తీసి బస్తాలో వేశాను.

అత్తమ్మ చాట కింద పెట్టింది.

"నిన్ను తొక్కి పోయిండే. దీనికి గూడ నవ్వుతవా?"