తేదీల మాస్టారు

రక్తనిధి కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఆయన్ని అందరూ తేదీల మాస్టారంటారు. సాయంత్రం ఇంటికి వెళ్లేముందు రక్తదాతల పట్టికనంతా నకలుగా తన కంప్యూటర్‌లో ఒక టెక్స్ట్ ఫైలులోకి దింపి, దానికి ఆ రోజు తేదీనే పేరుగా పెట్టడం ఆయన పని. చొక్కా కొసతో తెర తుడిచి, గోడమీది క్యాలెండర్‌తో తేదీ సరిచూసుకుని, పసిపిల్లను జోకొట్టినంత మెల్లగా మీట నొక్కుతాడు. "ఏం అన్నయ్యా, ఇవాళ్టి బిడ్డకి పేరు పెట్టేశావా?" అని నర్సు ఆటపట్టిస్తే, "పెట్టకుండా ఎప్పుడైనా గడప దాటానా?" అని మురిసిపోతాడు.

ఈ ఉదయం లోపలి గదిలో అసలు పట్టిక ఉన్న యంత్రం మొరాయించింది. అప్పుడే ఒక అమ్మాయి పరుగున వచ్చింది. వాళ్ల నాన్న ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు, ఆయన గ్రూపు రక్తం ఎక్కడా లేదు. "కంగారు పడకమ్మా, ఆ గ్రూపు దాతల ఫోన్ నంబర్లన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి," అంటూ మాస్టారు నిన్నటి ఫైలు తెరిచాడు. పైన పేరు, గ్రూపు, ఫోను అన్న శీర్షికలున్నాయి. కింద ఏమీ లేదు. మొన్నటిదీ అంతే. అంతకుముందుదీ అంతే. ఎప్పుడు ఎక్కడ తెగిందో గానీ పట్టిక దిగడం మానేసింది, తేదీ మాత్రం రోజూ తప్పకుండా పడింది. ఆ తేదీ చూసుకుని మురిసిపోయాడే గానీ ఆయన ఒక్కనాడూ లోపలికి తొంగిచూడలేదు.

"దొరికిందా బాబాయ్?" అమ్మాయి కౌంటరు మీదికి వంగింది.

ఆయన తలెత్తలేదు. చొక్కా కొసతో తెరను గట్టిగా తుడిచాడు.

"ఇంకొక్కటి చూస్తానమ్మా," అన్నాడు.