ఉదాహరణలోని చిరునామా

పార్సిళ్లు చేరవేసే ఆ కంపెనీలో ఆయన్ని అందరూ పేజీల మేష్టారంటారు. దుకాణాల కంప్యూటర్లు కంపెనీ కంప్యూటర్‌తో మాట్లాడి పార్సిల్ పురమాయించే ఏర్పాటు ఒకటుంది, ఏపీఐ అంటారు. దానితో ఎలా మాట్లాడాలో వెబ్‌సైట్లో రాసిపెట్టడం ఆయన ఉద్యోగం. రాయడం ఒక ఎత్తు, రాసింది తప్పుకాకుండా చూసుకోవడం ఒక ఎత్తు. ఇంజినీర్లు చెప్పాపెట్టకుండా ఏదో ఒకటి మార్చేసి టీకి వెళ్లిపోతారు. చీవాట్లు మాత్రం మేష్టారు తినాలి. అందుకని రోజూ ఆఫీసుకు రాగానే పేజీల్లో నమూనాకు ఇచ్చిన ఉదాహరణ ఆర్డర్లన్నీ ఒక్కొక్కటే నడిపించి చూస్తారు. ఒక్కటి తప్పినా ఆ పూట ఇంజినీర్లకు మూడినట్టే.

అలా ఒకరోజు మొట్టమొదటి ఉదాహరణే తప్పింది. లేని చిరునామాలను వెనక్కి కొట్టేలా ఇంజినీర్లు కొత్త తనిఖీ పెట్టారట. పేజీలో ఉన్నదేమో ఎవరో కల్పించిన వీధి. ఇప్పుడు నిజమైన చిరునామా కావాలి. పరాయివాళ్లది పెడితే మర్యాదగా ఉండదని మేష్టారు తన ఇంటిదే పెట్టేశారు. డెలివరీ సూచన అన్నచోట ‘బెల్ పనిచేయదు, తలుపు గట్టిగా కొట్టండి’ అని కూడా రాశారు. నిజం రాయడమంటే ఆయనకు అంత పట్టుదల.

ఇక చూడండి. కొత్త దుకాణంవాళ్లు ఉదాహరణను ఉన్నదున్నట్టు దించేసుకోవడం, చిరునామా మార్చడం మరిచిపోవడం, వాళ్ల మొదటి పార్సిల్ వచ్చి మేష్టారి తలుపు బాదడం! ఒకనాడు కుక్క గొలుసు, ఒకనాడు ఎవరి పాదాలకో కొలిచి కుట్టిన బూట్లు. మేష్టారు ఫోన్ చేసి తప్పు దిద్దించేవారు. సరుకు కోసం మనిషిని పంపుతామనేవాళ్లు. ఆ మనిషి మాత్రం వచ్చేవాడు కాదు. హాలంతా అట్టపెట్టెలే. ఆ బాదుడు భరించలేక మేష్టారి భార్య బెల్ బాగుచేయించింది. మర్నాడే మేష్టారు పేజీలో ‘బెల్ ఒక్కసారి నొక్కితే చాలు’ అని మార్చారు.

“ముందు ఆ చిరునామా తీసేయండి మహానుభావా!” అని ఆమె మొత్తుకుంది.

“పనిచేస్తోంది కదే! పనిచేసేదాన్ని ఎవరైనా తీసేస్తారా?” అన్నారు మేష్టారు.

ఇంతలో ఆఫీసుకు కొత్త మేనేజరమ్మ వచ్చింది.

“ఈ పేజీలు ఎవరు చదువుతారండీ? తెరుస్తారు, మూసేస్తారు. వచ్చేవారం నుంచి మీరు ఫిర్యాదుల విభాగంలో కూర్చోండి. పేజీలు ఎలా ఉన్నవి అలా ఉంటాయి,” అంది.

ఎలా ఉన్నవి అలా! ఫిర్యాదులంటే మేష్టారికి భయం లేదు. తన పేజీలు ఒక్కొక్కటే అబద్ధాలైపోతుంటే చేతులు కట్టుకుని చూడాలే అని ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి చెబితే భార్య ఇంతెత్తున లేచింది.

“ఎవరూ చదవరంటుందా? మరి ఈ కుళాయి నిన్న ఊరికే నడిచొచ్చిందా? మీ రాతలు పొల్లుపోకుండా దించి మన నెత్తిన పడేస్తున్నారు కదండీ!”

మేష్టారు ఆ పెట్టెల వైపు కొత్తగా చూశారు.

మర్నాడు మొగుడూ పెళ్లాం చెరో సంచీడు పెట్టెలు మోసుకుని బస్సెక్కి వెళ్లి, మేనేజరమ్మ బల్ల మీద గుమ్మరించారు. అన్నిటిమీదా ఒకటే చిరునామా.

“ఎవరో పాత పేజీ దాచుకుని అందరికీ పంచుతున్నారేమో,” అంది మేనేజరమ్మ, బెట్టు వదలకుండా.

మేష్టారు బూట్ల పెట్టె, కుళాయి పెట్టె పక్కపక్కన పెట్టారు. “ఇది మా బెల్ చెడి ఉన్నప్పుడు వచ్చిందమ్మా. మీద సూచన చూడండి, తలుపు కొట్టమని ఉంది. ఇది బాగయ్యాక వచ్చింది. బెల్ నొక్కమని ఉంది. నేను మార్చాను, వాళ్లు చదివారు,” అన్నారు.

మేనేజరమ్మ రెండు పెట్టెలూ తిప్పితిప్పి చూసింది. “సరే, మీ కుర్చీలో మీరే ఉండండి. చిరునామా మాత్రం ఈ ఆఫీసుది పెట్టండి,” అంది.

పెట్టారు. ఇప్పుడు మేనేజరమ్మ గదిలో కాలు పెట్టే చోటు లేదు.

మేష్టారి హాలు ఖాళీ అయింది. ఆయన సాయంత్రం చెప్పులు విప్పుతుంటే, భార్య తలుపు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

“ఏమండీ, ఇవాళ కూడా మనల్ని ఎవరూ చదవలేదా?”